హోస్టింగ్ కొనేముందు చెక్‌అవుట్ పేజీ చూడండి

పచ్చళ్లో, చేనేత చీరలో సొంత సైట్లో అమ్మాలనుకునేవాళ్లు ముందు అడిగేది ఒకటే: షాపిఫైనా (నెల అద్దెకి దొరికే రెడీమేడ్ ఆన్‌లైన్ షాపు), వూకామర్సా (వర్డ్‌ప్రెస్ సైటుని షాపుగా మార్చే ప్లగిన్)? నెలకు ఎన్ని ఆర్డర్లొస్తాయి, సైటు చూసుకునే మనిషి ఉన్నారా అన్నది తేలితే జవాబు దొరికినట్టే.

షాపిఫైలో సర్వర్ బాధ మీకు ఉండదు. కానీ దాని సొంత పేమెంట్ సేవ మన దేశంలో లేదు. రేజర్‌పే లాంటి బయటి గేట్‌వే (కొనేవాళ్ల డబ్బు తీసుకుని మీకు చేర్చే సేవ) పెట్టుకోక తప్పదు. అప్పుడు బేసిక్ ప్లాన్‌లో ప్రతి ప్రీపెయిడ్ ఆర్డరు మీద షాపిఫై 2 శాతం విడిగా తీసుకుంటుంది. గేట్‌వేకి 2 శాతం, ఆ చార్జీ మీద 18 శాతం జీఎస్టీ అనుకుంటే 800 రూపాయల ఆర్డరులో గేట్‌వేకి 18.88, షాపిఫైకి 16 పోతాయి. నెలకు 30 ఆర్డర్లయితే షాపిఫై కోత 480 రూపాయలు. అంత ప్రశాంతతకి అది ఎక్కువేం కాదు. 200 ఆర్డర్లయితే 3,200. నెల అద్దె వేరే. ఆ స్థాయికి వచ్చాక వూకామర్స్ వైపు చూడొచ్చు.

వూకామర్స్ ఉచితమే, హోస్టింగ్ (సైటు ఉండే సర్వర్‌లో చోటు) మాత్రం మీరే కొనాలి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. హోమ్ పేజీ చకచకా తెరుచుకుంటే సర్వర్ బాగున్నట్టేనని నమ్ముతారు. హోమ్ పేజీ క్యాష్ (ముందే తయారుచేసి దాచిన కాపీ) నుంచి వస్తుంది కాబట్టి సర్వర్ పెద్దగా కష్టపడదు. కార్ట్, చెక్‌అవుట్, మై అకౌంట్ పేజీలను క్యాష్ చేయకూడదు, అవి ఎవరికి వాళ్లకి అప్పటికప్పుడు తయారవ్వాలి. పొరపాటున క్యాష్ చేస్తే కార్ట్ ఖాళీగా కనిపిస్తుంది, ఒకరి బుట్ట ఇంకొకరికి కనబడినా కనబడుతుంది. అందుకే హోస్టింగ్ వాళ్లను స్టోరేజి ఎన్ని జీబీలని కాకుండా, పీహెచ్‌పీ వర్కర్లు (ఒకేసారి పేజీలు తయారుచేసే ప్రోగ్రాములు) ఎన్ని, మెమరీ లిమిట్ 256 ఎంబీ ఇస్తారా, సర్వర్ ముంబైలో ఉందా అని అడగండి. డబ్బు వెనక్కిచ్చే గడువు ముగిసేలోపు పదిమందికి లింకు పంపి, మొబైల్ డేటా మీద ఒకేసారి చెక్‌అవుట్ దాకా వెళ్లమనండి. 508 ఎర్రర్, ‘రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్డ్’ అని వస్తే ఆ ప్లాన్ వదిలేయండి. సంక్రాంతి ముందు రద్దీకి అది నిలబడదు. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకుండా రెన్యువల్ ధర కూడా అడగండి. డొమైన్ మాత్రం మీ పేరు, మీ ఈమెయిల్ మీదే ఉండాలి. సైటు కట్టినవాళ్ల ఖాతాలో అసలు పెట్టొద్దు.

అన్నిటికన్నా ఎక్కువ గొడవ తెచ్చేది యూపీఐ ఆర్డరు. కొనేవాళ్లు ఫోన్‌పేలోకి వెళ్లి డబ్బు కట్టేసి, మళ్లీ బ్రౌజర్‌కి రారు. వెబ్‌హుక్ (డబ్బు అందగానే గేట్‌వే మీ సైటుకి నేరుగా పంపే కబురు) పెట్టకపోతే డబ్బు అందిన సంగతి మీ సైటుకి తెలియదు, ఆర్డరు ‘పెండింగ్’లోనే ఉండిపోతుంది. వూకామర్స్‌లో స్టాక్ లెక్క ఆన్‌లో ఉంటే, ‘హోల్డ్ స్టాక్’ సెట్టింగ్ మామూలుగా 60 నిమిషాలు కాబట్టి ఆ తర్వాత ఆర్డరు రద్దయిపోతుంది. డబ్బు పోయింది, పచ్చడి రాలేదు! కొనేవాళ్ల దృష్టిలో అది మోసమే. గేట్‌వే డాష్‌బోర్డులో వెబ్‌హుక్ చిరునామా ఇవ్వండి. సెక్యూరిటీ ప్లగిన్ దాన్ని అడ్డుకోకుండా చూడండి. తర్వాత చిన్న మొత్తం కట్టి, సైటుకి తిరిగి రాకుండా బ్రౌజర్ మూసేయండి. అయినా ఆర్డరు ‘ప్రాసెసింగ్’కి మారితేనే షాపు తెరవండి.

గేట్‌వే ఖాతా ఆమోదం పొందాలంటే రిఫండ్, షిప్పింగ్, ప్రైవసీ, కాంటాక్ట్ పేజీలు ముందే సైట్లో ఉండాలి. తిండి వస్తువులైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు కూడా.

బ్యాకప్ రాత్రికొకటి చాలదు. మధ్యాహ్నం సైటు పాడై నిన్న రాత్రి కాపీ ఎక్కిస్తే, ఈ రోజు ఆర్డర్లన్నీ మాయం. స్టేజింగ్ కాపీని (మార్పులు ముందు పరీక్షించుకునే సైటు నకలు), ఆర్డర్లు దాచే డేటాబేస్‌తో సహా లైవ్ మీదకి నెట్టినా అదే నష్టం. డేటాబేస్ ఒక్కటైనా గంటకోసారి వేరే చోటికి కాపీ అవ్వాలి.

సైట్లో సరుకు బరువు పెట్టేటప్పుడు సీసాతో, ప్యాకింగ్‌తో కలిపి పెట్టండి. చాలా కొరియర్లు సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5,000తో భాగిస్తాయి. 30, 20, 15 పెట్టె అంటే 1.8 కిలోలు. అసలు బరువు, ఈ లెక్క రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. కిలో పచ్చడికి కిలో అని పెడితే, ఆ పై 800 గ్రాముల చార్జీ ప్రతి ఆర్డరులోనూ మీ లాభంలోంచే పోతుంది.