అట్లాంటా చర్చిలో నా థీసిస్

అట్లాంటాలో కౌన్సెలింగ్ మాస్టర్స్ చేస్తూ, థీసిస్‌కి నల్లజాతి టీనేజర్లను ఎంచుకున్నాను. తమ జాతి గురించి ఇంట్లో, చర్చిలో వినే మాటలను బట్టి వాళ్లు తమను తాము ఎలా చూసుకుంటారన్నది నా ప్రశ్న.

యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ దగ్గరే సగం ఓపిక అయిపోయింది. మైనర్లు కాబట్టి తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు, పిల్లలూ విడిగా ఒప్పుకోవాలి. అవన్నీ ఒక నల్లజాతి చర్చికి పట్టుకెళ్లినా అక్కడి పాస్టర్ గారు ముందు కొన్ని ఆదివారాలు వచ్చి కూర్చోమన్నారు. అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లకు జబ్బు సంగతి చెప్పకుండా, వైద్యం చేయకుండా ప్రభుత్వ డాక్టర్లు గమనిస్తూ కూర్చున్నారు. పరిశోధన అంటే అక్కడి పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది అదే. షరతు సబబే అనిపించింది.

అలా కూర్చోవడమే మంచిదైంది. ఈస్టర్ రోజు ఒక చిన్నపిల్ల నేర్చుకున్న నాలుగు లైన్లు మైకు ముందు మర్చిపోయింది. "మెల్లగా చెప్పు తల్లీ" అంటూ చర్చంతా ఒకటే కేకలు. ఏడుపు మొహంతోనే పూర్తి చేసింది, చప్పట్లు మోగిపోయాయి. తెల్ల గ్లవ్స్ వేసుకుని అందరినీ సీట్లలో కూర్చోబెట్టేదీ టీనేజర్లే.

నల్లజాతివాళ్లు తమ జాతి గుర్తింపును ఎలా చూసుకుంటారో కొలవడానికి మనస్తత్వవేత్త రాబర్ట్ సెల్లర్స్ బృందం 1997లో తయారుచేసిన ప్రశ్నావళికి 2008లో టీనేజర్ల రూపం వచ్చింది. అదే వాడాను. నల్లజాతివాళ్లైనందుకు సంతోషమేనా అంటే దాదాపు అందరూ గట్టిగా అవునన్నారు. బయటివాళ్లు మిమ్మల్ని గౌరవిస్తారా అంటే మాత్రం పెన్ను ఆగింది.

ఒక అబ్బాయికి కొత్తగా లైసెన్స్ వచ్చింది. పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీదే ఉంచాలని, కాగితాలు తీసే ముందు చెప్పి తీయాలని వాళ్ల నాన్న కారులో కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేయించాడట. నాయనమ్మేమో దేవుడు తన పోలికలోనే నిన్ను చేశాడంటుందట. రెండూ విన్నవాడు తడబడలేదు. "రంగు చూడొద్దు, అందరం దేవుని బిడ్డలమే" అని మాత్రమే విన్న అమ్మాయి, క్లాసులో ఎవరో తన జుట్టు పట్టుకుని చూస్తే ఏమనాలో తెలియక నవ్వేసిందట. ఇంటికెళ్లాక ఏడ్చింది. (మా ఇళ్లలో "నలుపైనా కళగా ఉంది" అనడం వినీవినీ పెరిగిన నాకు ఆ నవ్వు బాగా తెలుసు.)

గర్వం నేర్పితే ఆత్మగౌరవానికి బలమని పాత పరిశోధనలూ చెప్తున్నాయి. బయటివాళ్ల మీద ఒట్టి అనుమానం నేర్పితే ఆ బలం రాదు.

థీసిస్‌ని కమిటీ ముందు సమర్థించుకునే డిఫెన్స్‌లో నా వాదన ఒకటే: చర్చికి నెలకెన్నిసార్లు వెళ్తారని కాదు, అక్కడ ఏ పని అప్పగించారని అడగాలి. ఆ థీసిస్ కమిటీ దాన్ని తర్వాతి పరిశోధనకు వదిలేయమంది. థీసిస్ చివర అనుబంధంలో పెట్టాను.