పద్మిని ఫ్లోరుకు అతుకు: రేకు, వెల్డింగ్ మెషీను ఎంచుకోవడంలో నా అనుభవం

ప్రీమియర్ పద్మిని కారుకు లారీలా విడిగా చాసీ ఉండదు. 1953లో ఇటలీలో వచ్చిన ఫియట్ 1100 బాడీయే దీనికి మూలం. ఫ్లోరు, డోర్ల కింద రెండు పక్కలా ఉండే సిల్లులు, పిల్లర్లు అన్నీ కలిసి బండి బరువు మోస్తాయి. కాబట్టి ఫ్లోరుకు వేసే అతుకు బొక్క మూసేస్తే సరిపోదు, బలం కూడా తిరిగి ఇవ్వాలి. నా 1986 బండిలో డ్రైవరు కాళ్ల కింద ఫ్లోరు, ఎడమ సిల్లు వెనక చివర తుప్పుకు పోయాయి. విజయవాడలోనే సామాను కొని, పని మొత్తం ఇక్కడే పూర్తి చేశాను.

పాత కార్పెట్ లేపగానే అంతకుముందెప్పుడో జరిగిన రిపేరు బయటపడింది. తుప్పు కోయకుండా దానిమీదే 16 గేజి (గేజి అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది) మందపాటి రేకు పరిచి ఆర్క్ వెల్డింగ్ రాడ్డుతో చుట్టూ అతికించారు. రెండు రేకుల మధ్య నీళ్లు చేరి, పైన అతుకు గట్టిగానే ఉన్నా కింద అసలు ఫ్లోరు పొడిపొడిగా రాలిపోయింది. అతుకు అంచు వెంబడే కొత్త బొక్కలు పడ్డాయి. మందపాటి రేకుకు సరిపడా వేడి పెడితే పక్కనున్న పలచని రేకు కాలి ఇంకా పలచబడుతుంది. తుప్పు ముందు అక్కడే మొదలవుతుంది.

అందుకే అసలు రేకు మందం కొలవడం మొదటి పని. పెయింటు, తారు పూత గీకేసి, తుప్పు లేని చోట మైక్రోమీటరు పెడితే నా బండి ఫ్లోరు 0.9 మి.మీ. వచ్చింది. అంటే 20 గేజి. 18 గేజి అంటే 1.2 మి.మీ., 22 గేజి అంటే 0.7 మి.మీ. షాపులో గేజి మాట నమ్ముకోవద్దు. ఇరవై గేజి అని ఇచ్చే రేకు ఒక్కోసారి 0.8 దగ్గరే ఆగుతుంది. తూకంతో పట్టుకోవచ్చు: 8×4 అడుగుల షీటు 0.9 మి.మీ. అయితే సుమారు 21 కిలోలు తూగుతుంది, 0.8 అయితే 18.7 కిలోలే.

అడగాల్సింది సీఆర్ షీటు, అంటే చల్లగా రోలింగ్ చేసి తర్వాత కాల్చి మెత్తబరిచిన రేకు. బీరువాలు చేసేవాళ్లు వాడేది ఇదే. ఫ్లోరు అతుకులకు వాళ్ల దగ్గర మిగిలే ముక్కలు చాలు, షీటంతా కొనక్కర్లేదు. సీఆర్ షీట్ల భారతీయ ప్రమాణం ఐఎస్ 513 పాత పద్ధతిలో డీ, డీడీ, ఈడీడీ అని గ్రేడులుండేవి, రేకు ఎంత సాగుతుందో చెప్పే పేర్లివి. చదునైన ఫ్లోరుకు డీ సరిపోతుంది. మడ్‌గార్డు వంపులాంటి చోట సుత్తితో సాగదీయాలి కాబట్టి డీడీ గానీ ఈడీడీ గానీ తీసుకోవాలి. గ్రేడు చీటీ లేని ముక్క అయితే రెండు వేళ్ల వెడల్పు పట్టీ కోసి పూర్తిగా మడిచి సుత్తితో చదును చేయండి. మడత మీద పగులు కనిపిస్తే ఆ ముక్క వంపులకు పనికిరాదు.

హెచ్‌ఆర్ షీటు, అంటే వేడి మీద రోలింగ్ చేసిన రేకు వద్దు. దాని మీద నల్లటి పొర ఉంటుంది, అది గీకనిదే వెల్డింగ్ శుభ్రంగా రాదు, ఇంత పలచన దొరకడం కూడా కష్టం. "జీఐ (జింకు పూత ఉన్న రేకు) వేసేయండి, తుప్పే పట్టదు" అని చాలామంది చెప్తారు. ఉక్కు దాదాపు 1500 డిగ్రీల దగ్గర కరుగుతుంది, జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి వెల్డు లోపలి నుంచి బుడగలుగా పైకి తన్ని సూది బెజ్జాలు చేస్తుంది. ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం రావచ్చు. అతుకు వేసే చోట జింకు పూతంతా గీకేయాల్సిందే. అప్పుడిక జీఐ కొన్న లాభమేముంది?

ఇక మెషీను. బండ్ల రిపేరు షెడ్లుండే విజయవాడ ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసే చేతులకు కొదవ లేదు. కానీ ఎక్కువమంది చేయి లారీ బాడీలకు, ట్రాలీలకు అలవాటుపడింది. అది మందపాటి ఇనుము, ఆర్క్ రాడ్డు పని. 2.5 మి.మీ. రాడ్డు మండాలంటే 60, 70 ఆంప్స్ కావాలి. 0.9 రేకుకు కావాల్సింది 35 నుంచి 45 ఆంప్స్ మాత్రమే. కాబట్టి మెషీను ఎంత పైకి ఎక్కుతుందన్నది నాకు ముఖ్యం కాదు, ఎంత కిందికి దిగి నిలకడగా మండుతుందన్నదే ముఖ్యం. డబ్బా మీద 200 ఆంప్స్ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. అన్నిటికంటే కింది అంకె ఎంతో అడగండి. 30 ఆంప్స్‌కు దిగే సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ మిగ్ (టార్చి అనే పిడిలోంచి వైరు తనంతట తానే వస్తూ కరిగే వెల్డింగ్ మెషీను) చాలు. ఈ పనికి కరెంటు లాగేది 5, 6 ఆంప్స్ లోపే కాబట్టి ఇంటి కనెక్షన్ మోస్తుంది. ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం 2.5 చదరపు మి.మీ. ఉండాలి, చుట్ట పూర్తిగా విప్పి వాడాలి.

వైరు 0.8 మి.మీ. ఈఆర్70ఎస్-6 (మామూలు ఉక్కుకు వాడే మిగ్ వైరు రకం). 0.6 దొరికితే ఇంకా మేలు. వెల్డుకు గాలి తగలకుండా కాపాడే గ్యాసు విషయంలో చాలామంది ఒట్టి సీఓటూతో (కార్బన్ డయాక్సైడ్) కానిచ్చేస్తారు. అది రేకులోకి లోతుగా దిగుతుంది, తుంపర్లు ఎక్కువ. మందపాటి ఇనుముకు మంచిదే, పలచని రేకుకు బొక్క పెడుతుంది. 80 శాతం ఆర్గాన్, 20 శాతం సీఓటూ కలిపిన సిలిండరు తీసుకున్నాను. దానికి సీఓటూ రెగ్యులేటర్ పట్టదు, వేరేది కావాలి. గ్యాసు నిమిషానికి 10 లీటర్లు సరిపోతుంది. టార్చి పాజిటివ్‌కు కలపాలి. గ్యాసు లేకుండా వాడే ఫ్లక్స్ వైరుకైతే నెగెటివ్‌కు. కొత్త మెషీను ఏ కనెక్షన్‌తో వచ్చిందో చూడకుండా మొదలుపెడితే వెల్డు ఉబ్బి పైనే కూర్చుంటుంది, రేకులోకి దిగదు.

ఆక్సిజన్, ఎసిటిలీన్ మంటతో చేసే గ్యాస్ వెల్డింగ్‌ను నేను తక్కువ చేయను. చేయి తిరిగిన టింకరింగ్ మేస్త్రి గ్యాసుతో అతికితే ఆ వెల్డు మెత్తగా ఉంటుంది, సుత్తి, డాలీతో (రేకు వెనక ఆనించి పట్టుకునే ఇనుప దిమ్మ) చదును చేయవచ్చు. బయటికి కనిపించే డోరు, మడ్‌గార్డులకు ఆ పనితనమే కావాలి. నేర్పు లేని చేతిలో మాత్రం వేడి చుట్టూ పాకి రేకు అప్పడంలా అలలు తిరుగుతుంది. ఫ్లోరు, సిల్లులకు మిగ్ చాలు.

కోసే ముందు బ్యాటరీ, సీట్లు, కార్పెట్, పెట్రోలు ట్యాంకు తీసేశాను. సిల్లు కోసే వైపు డోరు విప్పి, ముందు పిల్లరు నుంచి వెనక పిల్లరు వరకు చదరపు పైపు టాకా (చుక్కలా వేసే చిన్న వెల్డు) వేశాను. ఇది మానేస్తే బాడీ మధ్యలో కుంగి, తర్వాత డోరు మూసుకోదు. తుప్పును స్క్రూడ్రైవరుతో పొడుస్తూ పోయి, గట్టిగా తగిలిన చోటు నుంచి ఇంకో రెండు సెంటీమీటర్లు దాటి కోశాను. కార్డ్‌బోర్డు మీద ఆకారం గీసుకుని, అదే కొలతకు రేకు కత్తిరించి, మూలలు గుండ్రంగా చేశాను. మూల సూదిగా ఉంటే వేడి అక్కడే చేరి కాలిపోతుంది. అంచుకు అంచు కలిపి మధ్యలో వైరు మందం సందు వదలాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కించకూడదు. ఫ్యాక్టరీలో రెండు రేకులను చుక్కలుగా అతికిన స్పాట్ వెల్డులున్న చోట మాత్రం పై రేకుకు 7 మి.మీ. బెజ్జాలు వేసి ఆ బెజ్జాలు నింపాను.

గీత గీసినట్టు వెల్డు లాగకూడదు. ముందు 25 మి.మీ.కు ఒక టాకా. తర్వాత ఒక్కో టాకా మధ్యన ఇంకోటి, ఒకసారి ఈ చివర, మరోసారి ఆ చివర. చేయి పెట్టగలిగేంత చల్లారాకే మళ్లీ ఆ పక్కన టాకా. కింద రాగి పట్టీ పెడితే వేడిని అది లాక్కుంటుంది, బొక్కా పడదు. సెట్టింగ్ సరిగ్గా ఉందో లేదో చెవితోనే తెలుస్తుంది. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఒకే ధాటిగా మోగాలి. టక్కు టక్కుమని టార్చి వెనక్కి తన్నుతుంటే వోల్టేజీ తక్కువ, లేదా వైరు వేగం ఎక్కువ. అతికిన ముక్క పక్కన అదే రేకు తుంపు పెట్టుకుని ప్రతిరోజూ ముందు దానిమీద చూసుకునేవాణ్ని.

ఒక రోజు ఉన్నట్టుండి వెల్డు జల్లెడలా వచ్చింది. మెషీను, గ్యాసు, వైరు అన్నీ బాగానే ఉన్నాయి. తప్పు పెడెస్టల్ ఫ్యానుది. మే నెల బెజవాడ ఎండకు ఫ్యాను లేకుండా షెడ్డులో నిలబడలేం, కానీ ఆ గాలికి టార్చి ముందున్న గ్యాసు చెదిరిపోతుంది. ఫ్యాను వీపు వైపు తిప్పి, బండికి అడ్డంగా అట్ట నిలబెట్టాక బాగైంది.

గ్రైండింగ్‌లోనూ రేకు వేడెక్కి వంగుతుంది, కాబట్టి 60 నంబరు ఫ్లాప్ డిస్కుతో ఆగి ఆగి చేయాలి. తర్వాత రాత్రిపూట బండి కింద బల్బు వెలిగించి లోపలి నుంచి చూడండి. పగలు కనిపించని బెజ్జాలు చుక్కల్లా మెరుస్తాయి. నాకు ఏడు కనిపించాయి, అన్నీ మళ్లీ నింపాను.

మన తేమకు గీకిన రేకు తెల్లారేసరికి పసుపురంగు తిరుగుతుంది. కాబట్టి ఎపాక్సీ ప్రైమరు ఆ రోజే పడాలి. దాని మీద అతుకుల వెంట సీమ్ సీలరు, కింద అండర్‌బాడీ కోటింగ్. సిల్లు లోపలికి పొడవాటి నాజిల్‌తో మైనం స్ప్రే కొట్టి, అడుగున నీళ్లు కారే బెజ్జాలు మూసుకుపోకుండా ఒక్కోదాన్నీ వైరుతో పొడిచి చూశాను.