మూలకు మూల తగలాలి

నెల్లూరు, ఆదివారం

పొద్దుట్నుంచీ ముసురు. మాగుంట లేఅవుట్ మేడగదిలో డీబీఏ ఆట, అంటే పాతకాలపు సైన్యాల బొమ్మలతో బల్ల మీద ఆడే యుద్ధం. ఒకవైపు పోరస్ ఏనుగులు, ఎదురుగా అలెగ్జాండర్ పొడుగు ఈటెలవాళ్లు. చెరి 12 ఎలిమెంట్లు (బేస్ అనే చిన్న అడుగు పలక మీద అంటించిన బొమ్మల జట్టే ఒక ఎలిమెంట్), రెండడుగుల చదరపు బల్ల. పోరు దగ్గర ఎవరికీ పేచీ లేదు, తాకడానికి ముందున్న ఆ కాస్త దూరంలోనే తగువంతా. కొత్తగా నేర్చుకునేవాళ్లకు పనికొస్తుందని ఆ భాగమే రాసిపెడుతున్నా.

15 మి.మీ. బొమ్మలకు బేస్ వెడల్పు 40 మి.మీ. శత్రు ఎలిమెంట్ ముందు అంతే వెడల్పు, అంతే లోతు ఉన్న చదరం దాని థ్రెట్ జోన్. మన బేస్ మూల అందులో పడినా ఇక స్వేచ్ఛ పోయినట్టే. మూడే దారులుంటాయి: ఆ శత్రువుకు ఎదురుగా వరుస సర్దుకోవడం, దాన్ని తాకేందుకు ముందుకెళ్లడం, తిన్నగా వెనక్కి పోవడం. పక్కనున్న ఇంకో శత్రువు ఎంత అలుసుగా దొరికినా అటు జారకూడదు. కంటి అంచనాను నమ్మొద్దు. పారదర్శకమైన ఫైల్ కవర్‌లోంచి 40 × 40 ముక్క కోసి శత్రువు ముందంచుకు ఆనిస్తే లోపలో బయటో క్షణంలో తేలిపోతుంది. ఆ ముక్క లేకుండా ఆడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

గ్రూప్, అంటే ఆనుకుని కలిసి కదిలే ఎలిమెంట్లు, తిరగడం ఇంకో చిక్కు. దూరం కొలవాల్సింది బయటి ముందు మూల దగ్గర, మధ్యలో కాదు. నాలుగు ఈటెల ఎలిమెంట్లు పక్కపక్కన నిలబడితే వరుస 160 మి.మీ. వాళ్ల నడక రెండు బేస్ వెడల్పులు, అంటే 80 మి.మీ. మొత్తం ఖర్చుపెట్టినా వరుస తిరిగేది దాదాపు 29 డిగ్రీలే. చాలామంది 45 తిప్పేసి, ఏనుగుల పక్కకు చేరామనుకుంటారు. చేరరు.

తాకడమంటే అంచుకు అంచు పూర్తిగా ఆనడం, రెండు ముందు మూలలూ కలవడం. పక్క నుంచి తాకితే మన ముందంచు వాళ్ల పక్కంచుకు ఆని, ముందు మూలకు ముందు మూల తగలాలి. అలా తాకించుకున్న శత్రు ఎలిమెంట్ తన ముందున్న మన ఇంకో ఎలిమెంట్‌తో పోరులో లేకపోతే, కదలికలన్నీ అయ్యాక మన వైపు తిరుగుతుంది. పోరులో ఉంటే తిరగదు, ఆ స్థితిలో వెనక్కి నెట్టబడితే నాశనమే. ఓవర్‌ల్యాప్‌కి, అంటే పోరుకు పక్కనే మూల కలిపి నిలిచిన శత్రువుకు, ఒక్కోదానికి పోరు లెక్కలో ఒకటి తగ్గుతుంది కాబట్టి మూలలు కలిశాయో లేదో చిన్న విషయం కాదు.

అన్నిటికన్నా చికాకు పెట్టింది ఇసుక. పెన్న ఇసుకను ఫెవికాల్‌తో అంచు దాకా అంటించిన బేసులు ఒకదానికొకటి ఆనవు, రెండు గింజలు అడ్డుపడి సన్నని సందు మిగులుతుంది. అట్ట బేసులైతే ఈ తేమకు వంకర పోయి మూలలు పైకి లేస్తాయి. ఇసుక అంచుకు ఒక మి.మీ. లోపలే ఆపాలి. ఇప్పటికే అంటించినవాటికి ఎమరీ పేపర్‌ను బల్ల మీద పరిచి, ముందంచును దాని మీద రుద్దాలి. ఏనుగుల బేసులు ఆరూ వచ్చే ఆదివారం లోపు అలా చెయ్యాలి.