మా మోటర్‌హోమ్ మైలేజీ ఎలా పెరిగిందంటే

డాలస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దాదాపు వెయ్యి మైళ్ళు. మా క్లాస్ సీ మోటర్‌హోమ్ (వ్యాన్ ముందు భాగం వెనక చిన్న ఇల్లు కట్టిన బండి) ఒక్క పోవడానికే 125 గ్యాలన్ల పెట్రోలు తాగేది. గ్యాలన్‌కు 8 మైళ్ళు, మన లెక్కలో లీటరుకు 3.4 కిలోమీటర్లు. ఫోర్డ్ ఈ-450 చాసిస్, 6.8 లీటర్ల వీ10 ఇంజిన్, డ్రైవర్ నెత్తిమీద పడక కోసం ముందుకు పొడుచుకొచ్చిన అటక. ఇలాంటి బండికి ఇంతకన్నా రాదని తెలిసినవాళ్ళంతా అనేవారు. ఇంజిన్ని మార్చలేను, సరే. ఆ బలమంతా ఎక్కడ ఖర్చవుతోందో తెలుసుకోవచ్చు కదా అని మొదలుపెట్టాను.

ముందు కాగితం మీద లెక్క వేశాను. ఎదురుగా నిలబడి చూస్తే మా బండి సుమారు 8 చదరపు మీటర్ల గోడ. బండి ఆకారం గాలిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే డ్రాగ్ గుణకం 0.6 అనుకుంటే, గంటకు 65 మైళ్ళ దగ్గర గాలి నిరోధం 2,400 న్యూటన్ల దాకా వస్తుంది. ఐదున్నర టన్నుల బరువుకు టైర్ల నిరోధం చూస్తే 500 దగ్గరే తేలింది. చదును రోడ్డు మీద మన డబ్బు పోయేది గాలిని తోయడానికే. పైగా ఆ నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 65 నుంచి 58కి దిగితే ఐదో వంతు తగ్గాలి.

అందుకని ఏ పరికరమూ కొనకముందే కుడి లేన్‌లో 58కి క్రూజ్ కంట్రోల్ పెట్టి నడపడం మొదలుపెట్టాను. టెక్సస్ పడమటి హైవేల మీద 75, 80 దాకా పోనిస్తారు కాబట్టి అందరూ దాటేసి వెళ్తుంటారు. రెండు మూడు గంటల్లో అలవాటైపోయింది. గ్యాలన్‌కు 9.2 దాకా వచ్చింది. తర్వాత నేను చేసిన పనుల్లో ఏ ఒక్కటీ ఇంత ఇవ్వలేదు.

మైలేజీ లెక్కని పూర్తిగా నమ్మలేం. టెక్సస్‌లోని అమరిల్లో ఊరు దాటాక ఐ-40 హైవే మీద పడమరకు పోతుంటే ఎదురుగాలి తరచూ ఉంటుంది. 60తో పోయే బండికి 15 మైళ్ళ ఎదురుగాలి తగిలితే గాలి సంగతిలో అది 75తో పోతున్నట్టే, నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది. పైగా అమరిల్లో 3,600 అడుగుల ఎత్తులో ఉంటే గ్రాండ్ కాన్యన్‌కు ముందు వచ్చే ఫ్లాగ్‌స్టాఫ్ 6,900. అందుకే ఏదైనా తగిలించాక పనిచేసిందో లేదో తేల్చడానికి కోస్ట్‌డౌన్ పద్ధతి పట్టుకున్నాను. లబక్ వైపు బల్లపరుపు నేల, గాలి లేని తెల్లవారుజాము, వాహనాలు లేని రోడ్డు. 60 దాటాక న్యూట్రల్‌లో వేసి, 60 నుంచి 50కి పడడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. ఎంత ఎక్కువసేపు పడితే నిరోధం అంత తక్కువన్నమాట. అదే రోడ్డు మీద రెండు వైపులా చేసి సగటు తీయాలి. మొదట 11 సెకన్ల పైచిలుకు వచ్చింది.

గాలి ఎక్కడ చెదురుతోందో చూడడానికి బండి నిండా జానెడు ఊలు దారం ముక్కలు టేపుతో అంటించాం. మా ఆవిడ కారు పక్కనే నడిపింది, మావాడు ఫోన్‌లో తీశాడు. ఆ వీడియో చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అటక ముందు భాగం గుండ్రంగా ఉన్నచోట దారాలు బుద్ధిగా వెనక్కి పడుకున్నాయి. క్యాబిన్ కన్నా వెడల్పైన ఇంటి గోడ పక్కకి పొడుచుకొచ్చే నిలువు మూలల దగ్గర మాత్రం సుడులు తిరిగాయి. "నాన్నా, ఇక్కడ దారం ముందుకి పోతోంది!" అన్నాడు వాడు. మూల పదునుగా ఉంటే గాలి అక్కడ మలుపు తిరగలేక గోడ నుంచి విడిపోతుంది. మేం పట్టుకోవలసిన చోటు అదే.

ఇది కొత్త విషయమేం కాదు. 1970ల్లో కాలిఫోర్నియా ఎడారిలోని నాసా కేంద్రంలో (ఇప్పుడది ఆర్మ్‌స్ట్రాంగ్ కేంద్రం) ఎడ్విన్ సాల్ట్జ్‌మన్ బృందం ఒక ఫోర్డ్ వ్యాన్‌కు అల్యూమినియం రేకులు తొడిగి అచ్చం అట్టపెట్టెలా చేసి పరీక్షించింది. నిలువు మూలలు గుండ్రంగా చేస్తేనే నిరోధం 40 శాతం తగ్గింది. అడ్డ మూలలు కూడా చేస్తే 54 శాతం. లోపలి చోటు పోయింది 3 శాతమే. ఇన్నేళ్ళయినా మూలలు పదునుగా ఉన్న మోటర్‌హోమ్‌లు అమ్ముతూనే ఉన్నారంటే నాకు బాధగానే ఉంటుంది.

ఫోమ్ దిమ్మెలను గుండ్రంగా చెక్కి, పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ, ఎపాక్సీ పట్టించి ఆ మూలలకు బిగించాను. ముందు అట్టతో నమూనా చేసి క్యాబిన్ తలుపులు పూర్తిగా తెరుచుకుంటున్నాయా, అద్దాల్లో చూపు అడ్డుతోందా అని సరిచూసుకున్నాకే కోత మొదలుపెట్టాను. వెనక వేలాడే సైకిళ్ళు లోపలికి చేరాయి. చక్రాల మధ్య పక్కలకు, ఇక్కడ ఎన్నికల బోర్డులకు వాడే గాడుల ప్లాస్టిక్ షీటు కట్టాను. అడుగు భాగం మొత్తం మూసేద్దామనే ఆశ కలుగుతుంది, వద్దు. సైలెన్సర్ గొట్టం వేడికి ప్లాస్టిక్‌కి నిప్పంటుకోవచ్చు. బండిలో వాడే ప్రొపేన్ గ్యాసు గాలికన్నా బరువు. లీకైతే కిందికి దిగి బయటికి పోవాలని ఆ గ్యాసు ట్యాంకు ఉండే గది అడుగు భాగంలో రంధ్రాలు పెడతారు. వాటి జోలికి, జనరేటర్ పొగగొట్టం జోలికి పోకూడదు.

టైర్ల విషయం తొందరగా చెప్పేస్తాను. ట్రక్ స్టాప్‌లో కాటా మీద ముందు, వెనక ఇరుసులను విడిగా తూయించి, టైరు కంపెనీ పట్టిక ప్రకారం గాలి పెట్టాలి, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు. వెనక జంట టైర్లలో లోపలిదాన్ని మరవద్దు. నీళ్ళ ట్యాంకు నిండా మోసుకెళ్ళడం మానేశాం. 40 గ్యాలన్లంటే 150 కిలోల బరువు, ఫ్లాగ్‌స్టాఫ్ ఎక్కుడులో అది తెలుస్తుంది. పైకప్పు మీద అంటించే చిన్న రెక్కల బిళ్ళలు నేను కొనలేదు. మూల దగ్గరే గాలి విడిపోయిన బండికి అవి చేసేది తక్కువ.

మళ్ళీ అదే రోడ్డుకి వెళ్తే 60 నుంచి 50కి పడడానికి పన్నెండున్నర సెకన్లు పట్టింది. 58 దగ్గర మైలేజీ 9.8కి చేరింది, అంటే గ్రాండ్ కాన్యన్‌కు 102 గ్యాలన్లు. ఖర్చయింది ఫోమ్, ఎపాక్సీ, షీటు, కొన్ని వారాంతాలు.

మిగిలింది వెనక గోడ. బండి వెనక ఖాళీ అయిన చోట గాలి పీడనం తగ్గి బండినే వెనక్కి లాగుతుంది. పెద్ద ట్రైలర్ల వెనక లోపలికి వాలిన మడత రేకులు కనిపించేది అందుకే. మాకు ఆ గోడకి నిచ్చెన, దీపాలు, నంబరు ప్లేటు, కెమెరా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ మరుగు పడకుండా, క్యాంపులో మడిచేసేలా ఒక చిన్న తోక అట్టతో చేసి చూస్తున్నాను.