నాకు జ్వరం లేదు కదమ్మా

సెలవులకు రెండు రోజుల ముందు బయల్దేరితే టికెట్లు తక్కువకు వస్తాయని బుక్ చేసేశాం. పాపకి జ్వరం, రెండు రోజులు రాదని టీచర్‌కి మెయిల్ రాస్తున్నాను. వెనక నుంచి చదివేసింది. "నాకు జ్వరం లేదు కదమ్మా. టీచర్ అడిగితే ఉందని చెప్పను."

"అబ్బా, నా ఖర్మ!" అన్నాను.

"నీ కర్మే. రాస్తోంది నువ్వే కదా?" అంది. ఎత్తిపొడుపేమీ లేదు, నేను నేర్పిన పాఠమే నాకు అప్పజెప్పింది.

మన వాడుకలో ఖర్మ అంటే నెత్తిన వచ్చి పడేది. అంగుత్తర నికాయమనే బౌద్ధ గ్రంథంలో బుద్ధుడు చేతననే కర్మ అంటానన్నాడు. చేతన అంటే ఒక పనికి మనసు పూనుకోవడం. ఇదంతా పాపకి చెప్పింది నేనే. చిన్నప్పుడు మాట వినకపోతే "కర్మ ఊరికే పోదు" అని బెదిరించిందీ నేనే.

ఆ బెదిరింపు ఎక్కడికి చేరిందో రాత్రి తెలిసింది. పక్కలో పడుకుని, "జ్వరమని అబద్ధం చెబితే నిజంగా జ్వరం వస్తుందా?" అని అడిగింది. గుండె కలుక్కుమంది. రాదమ్మా అన్నాను. మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ వల్లేనా అని సీవకుడనే పరివ్రాజకుడు అడిగితే బుద్ధుడు ఒప్పుకోలేదు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువు మారడం, ఇలా ఎనిమిది కారణాలు చెప్పాడు. కర్మఫలం అందులో ఒకటి, అంతే. పాప ఫ్రెండ్‌కి జబ్బు చేసినప్పుడు "పాపం, వాళ్ళ ఖర్మ" అని నేనన్న మాట కూడా తప్పేనని ఒప్పుకున్నాను.

మరి భయపెట్టకుండా ఎలా చెప్పాలి? రాహులుడికి బుద్ధుడు చెప్పిన తీరే నాకు తోస్తుంది. పాత్ర అడుగున కాసిని నీళ్ళు మిగిల్చి కొడుక్కి చూపించాడు. తెలిసి అబద్ధమాడి సిగ్గుపడనివాడి శ్రమణత్వం, అంటే సన్యాసం, ఇంతే అన్నాడు. ఆ కాస్తా పారబోసి, పాత్ర బోర్లించి, మళ్ళీ తిప్పి ఖాళీ చూపించాడు. నవ్వులాటకైనా అబద్ధం వద్దన్నాడు. అద్దంలో చూసుకున్నట్టు చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక కూడా చూసుకోమన్నాడు: దీనివల్ల నాకు గానీ ఇంకొకరికి గానీ బాధ కలుగుతుందా? బౌద్ధులు పాటించే ఐదు నియమాలు, పంచశీలాల్లో ప్రతిదాన్నీ "సిక్ఖాపదం" అంటారు. సిక్ఖ అంటే శిక్షే. శిక్ష అనగానే మనకు దండన గుర్తొస్తుంది, అక్కడ దాని అర్థం శిక్షణ.

నలుగురిలో నెగ్గుకురావాలంటే కాస్త లౌక్యం ఉండాలని నన్ను పెంచారు. పాప స్కూల్లో అమ్మ రాసిందంటే టీచర్ మారుమాట అడగదు. ఆ నమ్మకం చూసుకునే జ్వరం అని రాయగలిగాను. తల్చుకుంటే అదే ఎక్కువ సిగ్గుగా ఉంది.

చివరికి జ్వరం తీసేసి "కుటుంబ కారణాల వల్ల" అని పంపాను. అందులో అబద్ధం లేదు. కానీ దాచాలన్న ఉద్దేశం అలాగే ఉంది. చేతనే కర్మ అయితే నేను మార్చిందేమిటి?

పొద్దున్న ఇద్దరం శీలాలు చెప్పుకుంటుంటే "ముసావాదా వేరమణీ", అంటే అబద్ధానికి దూరంగా ఉంటాననే నాలుగోదాని దగ్గర నా గొంతు తగ్గిపోయింది. పాప ఆగింది. నేను పూర్తి చేసేదాకా చూసి, ఐదోది అందుకుంది.