తప్పెటగుళ్ళ దరువు ప్యాడ్ మీదకి ఎక్కిన వైనం: నా అనుభవం

మాది విజయనగరం. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. పైడితల్లి అమ్మవారి పండగ వచ్చిందంటే మా ఊళ్ళో వీధికో స్టేజీ లేస్తుంది. ఎన్ని సినిమా పాటలు వాయించినా మధ్యలో ఒక్క జానపదమైనా పడకపోతే జనం ఊరుకోరు. నా అరేంజర్‌లో (తాళం, తోడు వాద్యాలు తనే వాయించే కీబోర్డు) డోలక్, తబలా, డప్పు స్టైల్స్, అంటే ముందే నింపిన తాళాల నమూనాలు, ఉన్నాయి గానీ మా వైపు జానపద నృత్యం తప్పెటగుళ్ళ దరువు లేదు. రొమ్ముకు కట్టిన రేకు తప్పెట, ఎగిరినప్పుడల్లా ఘల్లుమనే కాళ్ళ గజ్జెలు కలిసి పలికే మోత అది. దాన్నే రికార్డు చేసి సాంపిల్ ప్యాడ్ల మీద, అంటే నొక్కితే రికార్డు చేసిన శబ్దం మోగే బటన్ల మీద, పెట్టాలనుకున్నాను.

బొబ్బిలి వైపు ఒక బృందాన్ని కలిశాం. డబ్బుల సంగతి ముందే మాట్లాడుకున్నాం. జాతరలో ఫోను పట్టుకుని దొంగచాటుగా రికార్డు చేసుకొచ్చేవాళ్ళంటే నాకు పడదు. బృందం పెద్దాయన కీబోర్డు ఫొటో చూసి నవ్వేశాడు. "ఇది గుండెకి కట్టుకుని ఎగరాల బాబూ. కూకుని ఏలెట్టి నొక్కితే మోగిపోద్దేటి?" అన్నాడు. అయినా ఓపిగ్గా మూడు రకాలు వాయించి ఇచ్చారు. నిదానంగా ఒకటి, ఊపందుకున్నాక ఒకటి, చివర్లో అందరూ కలిసి వేసే "హెయ్" కేక ఒకటి.

ఇంటికొచ్చి ప్యాడ్‌లో వేసి, మళ్ళీ మళ్ళీ అదే తిరిగేలా లూప్ పెట్టి, కింద స్టైల్ ఆన్ చేస్తే మొదటి నాలుగు ఆవృత్తాలు బాగానే ఉంది. తర్వాత దరువు ఒక దారి, స్టైల్ ఒక దారి. వాళ్ళు మనుషులు, క్లిక్ (టెంపో చెప్పే టిక్ టిక్ చప్పుడు) పెట్టుకుని వాయించలేదు కదా. లూప్ పొడవు టెంపోకి సరిగ్గా సరిపోకపోతే ఆ కాస్త తేడా ప్రతి చుట్టుకీ పేరుకుపోతూ ఉంటుంది. టెంపో 100, అంటే నిమిషానికి వంద దెబ్బలు, అయితే ఒక దెబ్బకి 0.6 సెకన్లు, ఎనిమిది దెబ్బలకి 4.8 సెకన్లు. 44.1 కిలోహెర్ట్‌జ్ ఫైల్లో అది సరిగ్గా 2,11,680 శాంపిళ్ళు (సెకనుకి 44,100 చొప్పున తీసే శబ్దపు కొలతలు). ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఛేంజ్ టెంపోతో శ్రుతి మారకుండా పొడవు సరిచేసి, ఎంపిక పట్టీలో కొలతని సెకన్ల నుంచి శాంపిళ్ళకి మార్చి, ఆ అంకె దగ్గర కోశాను. కోసిన చోట టిక్కుమని చప్పుడు రాకుండా చివరి కొన్ని మిల్లీసెకన్లకి ఫేడ్ ఇచ్చాను. ఊపు దరువుకి 108 పెట్టుకున్నాను, అది 1,96,000 శాంపిళ్ళు. చివరికి 16 బిట్ వేవ్‌గా సేవ్ చేశాను. ఎంపీ3 చేస్తే ఫైలు మొదట్లో కాస్త ఖాళీ చేరుతుంది. పాట వినడానికి పర్లేదు, లూప్‌కి మాత్రం అదే చేటు.

ఇంత చేసినా ఏదో గుచ్చుకుంటూనే ఉంది. మా మృదంగం తమ్ముడు మా విజయనగరం సంగీత కళాశాలలో చదివాడు. 1919లో మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్న కళాశాల అది. వాడు చేత్తో తాళం వేసి, "దెబ్బకి మూడు పడుతున్నాయన్నా, ఇది తిశ్రం. నువ్వేమో కింద నాలుగు నడక పెట్టావు" అన్నాడు. దెబ్బని మూడుగా చీల్చే షఫుల్ స్టైల్ తీసుకోగానే దరువు దానంతటదే కూర్చుంది.

ఇక ప్యాడ్ సెట్టింగులు. పేర్లు ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటాయి, పని మాత్రం ఇంచుమించు ఒకటే. వేలు ఉన్నంతసేపే మోగే పద్ధతిని గేట్ అంటారు. స్టేజీ మీద నా ఎడమ చెయ్యి కార్డ్స్ మీద, కుడి చెయ్యి ట్యూన్ మీద ఉంటాయి, ప్యాడ్ నొక్కి పట్టుకోడానికి మూడో చెయ్యి ఎక్కడిది? అందుకే దరువులు రెండింటికీ ఒకసారి నొక్కితే మొదలై, మళ్ళీ నొక్కితే ఆగే పద్ధతి పెట్టి లూప్ ఆన్ చేశాను. కేకకి వన్ షాట్. నొక్కి వదిలేస్తే పూర్తిగా మోగి అదే ఆగిపోతుంది.

సింక్ దగ్గర, అంటే నొక్కిన ప్యాడ్ ఎప్పుడు అందుకోవాలన్న దగ్గర, కొంచెం ఆలోచించాల్సొచ్చింది. బార్‌కి (తాళం ఒక చుట్టుకి) సింక్ చేస్తే ముందే నొక్కినా తర్వాతి బార్ మొదట్లోనే అందుకుంటుంది, దరువుకి అదే కావాలి. కేకకి కూడా అలాగే పెడితే ఎంత చిరాకో! గాయని చెయ్యి ఎత్తిన క్షణానికి "హెయ్" పడాలి గానీ బార్ అయ్యేదాకా ఆగితే జనానికి ఊపు రాదు. దానికి సింక్ తీసేశాను. నిదానం దరువు మోగుతుండగా ఊపు దరువు నొక్కితే రెండూ కలిసి గోల కాకుండా, రెండింటినీ ఒకే గ్రూపులో వేశాను. ఒకటి మొదలైతే రెండోది ఆగుతుంది.

టెంపో ఫాలో ఆన్ చేస్తే దరువు పొడవు స్టైల్‌ని బట్టి సాగుతుంది. టెంపో నాలుగైదు పాయింట్ల తేడా వరకు బాగానే ఉంది. అంతకు మించి తగ్గిస్తే రేకు దెబ్బ చిట్లినట్టు, ఒకటి రెండుగా వినిపించింది. అందుకే రెండు దరువులకీ దాన్ని ఆపేసి, పాట టెంపోనే 100కి గానీ 108కి గానీ తెచ్చుకుంటున్నాను. ట్రాన్స్‌పోజ్ (శ్రుతిని పైకీ కిందకీ జరిపే సెట్టింగు) కూడా ప్యాడ్లకి తగలకుండా చూసుకోవాలి. గాయకులు మైకు పక్కకి పెట్టి "అన్నా, హాఫ్ దించు" అనడం రోజూ ఉండేదే. తగిలిందంటే శ్రుతితో పాటు తప్పెట మోత కూడా బరువెక్కిపోతుంది.

ఇవన్నీ స్టైల్, టెంపోలతో కలిపి ఒకే రిజిస్ట్రేషన్ బటన్‌లో (సెట్టింగులన్నీ ఒక్క నొక్కుతో తిరిగి తెచ్చేది) సేవ్ చేశాను. ప్యాడ్ వాల్యూమ్ మాత్రం ఇంట్లో హెడ్‌ఫోన్లో పెట్టినదాన్ని నమ్మను. పెద్ద స్పీకర్లలో గజ్జెలు చెవులు కోస్తాయి, అందుకే సౌండ్ చెక్‌లో గజ్జెలు ఎక్కువున్న ఊపు దరువుని కొంచెం తగ్గించి, కేకని పైకి లేపుతాను. నాలుగో ప్యాడ్ ఖాళీగా ఉంది. అందులోకి మా వైపు జానపద వాద్యం జముకు ఎక్కించాలని ఉంది, వాయించేవాళ్ళ కోసం వెతుకుతున్నాను.