రెండో పుస్తకం కూడా అదే బీరువాలో

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున్నే బేతంచెర్ల నుంచి ఫోను. పాలిష్ బండల ఫ్యాక్టరీ ఆయన, నేను వెబ్‌సైట్లు చూసిపెట్టే కస్టమర్లలో ఒకడు. "ఏమప్పా, మన సైటు తెరిస్తే ఏవో మాత్రల బొమ్మలొస్తాండాయి. బెంగుళూరు పార్టీ వాళ్ళు చూసి నాకు చెప్పినారు" అన్నాడు. కర్నూలులో మా ఇంటి మేడ మీద కూర్చుని ఒక్కో సైటూ తెరిచి చూశాను. బండలదే కాదు, ఆదోని కాలేజీది, ఎమ్మిగనూరు చీరలది, మొత్తం తొమ్మిదింటిలో అవే బొమ్మలు.

దొంగలు లోపలికి వచ్చిన దారి దొరికింది బనగానపల్లె మామిడి తోట సైటులో. ఆ సైటును నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌ను నేను చివరిసారి తెరిచింది 2022 ఏప్రిల్‌లో, నంద్యాల కొత్త జిల్లా అయినప్పుడు అడ్రసు మార్చడానికి. ఆ తర్వాత దానికి తగిలించిన చిన్న ప్రోగ్రాములను, అంటే ప్లగిన్లను, అప్‌డేట్ చేయలేదు. తప్పు నాదే. అయితే ఒక్క సైటుతో పోవాల్సింది తొమ్మిదికి ఎందుకు పాకిందంటే, అప్పట్లో అన్నిటినీ అద్దెకు తీసుకున్న ఒకే హోస్టింగ్ అకౌంట్ కింద యాడాన్ డొమైన్లుగా, అంటే పక్కపక్క ఫోల్డర్లలో, పెట్టాను. అన్నిటికీ యూజర్ ఒక్కడే. ఒక ఫోల్డర్‌లో రాయగలిగినవాడు పక్క ఫోల్డర్‌లోనూ రాయగలడు.

ఆ వారమే 4 జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్ (నా ఒక్కడికే అద్దెకిచ్చే సర్వరు) తీసుకుని, చాలా సైట్లను ఒకేచోట నుంచి చూసుకునే వర్చువల్‌మిన్ అనే సాఫ్ట్‌వేర్ వేశాను. దీని కింద ఉండేది వెబ్‌మిన్. జేమీ కామెరాన్ 1997లో పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మొదలుపెట్టిన పని అది, సర్వరును బ్రౌజర్‌లోనే నడుపుకోవచ్చు. వర్చువల్‌మిన్‌లో కొత్త డొమైన్ చేర్చితే దానికి సొంత లైనక్స్ యూజర్, సొంత హోమ్ ఫోల్డర్, సొంత డేటాబేస్ వస్తాయి. సైటు పేజీలను తయారుచేసే పీహెచ్‌పీ ప్రోగ్రాములు కూడా ఆ యూజర్ పేరుతోనే నడుస్తాయి. నాకు కావలసింది ఈ గోడే. ఇదే పని చేసే సీప్యానెల్ కూడా చూశాను, బాగుంటుంది. కానీ 2019 నుంచి వాళ్ళు అకౌంట్ల లెక్కన తీసుకుంటున్నారు. నెలకు రెండు మూడు వందలిచ్చే కస్టమర్లతో అది నాకు గిట్టదు. వర్చువల్‌మిన్ జీపీఎల్ వెర్షన్ ఉచితం, నా పద్నాలుగు సైట్లకూ సరిపోతోంది.

రిజల్ట్స్ రోజున ఆదోని కాలేజీ సైటు మీద పిల్లలంతా ఒకేసారి పడతారు. మిగతావాళ్ళకు ర్యామ్ మిగలాలని ఆ డొమైన్‌కు పీహెచ్‌పీ ప్రాసెస్‌లు ఇన్ని మించకూడదని కట్టడి పెట్టాను. సైటుకు https తాళం గుర్తు తెచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్లు 90 రోజులవి, వాటంతట అవే రెన్యూ అవుతాయి. ఒక్కసారి మాత్రం ఆగింది. చీరలవాళ్ళ అల్లుడు డీఎన్ఎస్‌లో (సైటు పేరు ఏ సర్వరుకు పోవాలో చెప్పే పట్టికలో) ఏదో మారుస్తూ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ రికార్డు తీసేశాడు. ఆ ఒక్క పేరు సరిచూపు దగ్గర తప్పేసరికి సర్టిఫికెట్ మొత్తం నిలిచిపోయింది.

వెబ్‌మిన్‌లోకి వెళ్ళే గుమ్మం పోర్టు 10000. దాన్ని బయటి ప్రపంచానికి మూసేశాను. 2019 ఆగస్టులో వెబ్‌మిన్ డౌన్‌లోడ్ ఫైళ్ళలోనే ఎవరో చొప్పించిన దొంగ కోడ్ బయటపడింది. 1.930 వెర్షన్‌లో దాన్ని తీసేశారు. అది చదివాక, పద్నాలుగు మంది తాళాలు వేలాడే గుమ్మాన్ని తెరిచి ఉంచడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ అనే రహస్య దారిలోంచే లోపలికి వెళతాను.

ఇక బ్యాకప్. మొదట రోజూ రాత్రి రెండింటికి అదే సర్వరులో ఒక ఫోల్డర్‌లోకి పడేలా షెడ్యూల్ పెట్టి నిశ్చింతగా ఉన్నాను. ఒక రాత్రి ఆ సెట్టింగ్ చూస్తుంటే మా నాయన బీరువా గుర్తొచ్చింది. వన్‌టౌన్‌లో ఆయనకు బట్టల అంగడి ఉండేది. బాకీలు రెండు పుస్తకాల్లో రాసేవాడు, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊరి మీదికి వచ్చాయి. నీళ్ళు తీశాక అంగడి తెరిస్తే రెండు పుస్తకాలూ అదే బీరువాలో, ఒకే అరలో ముద్దయి ఉన్నాయి. మేడ మీద ఎండలో పరిచి, కత్తి మొనతో పేజీలు విడదీస్తూ ఆయన మూడు రోజులు కూర్చున్నాడు. ఇంకు కరిగిపోయింది. తనకు నోటికి వచ్చిన బాకీలే వసూలయ్యాయి.

ఆ రాత్రే మార్చేశాను. సర్వరు ముంబైలో ఉంది, బ్యాకప్ బెంగుళూరులో వేరే కంపెనీ మెషీన్‌కు పోతుంది. డొమైన్‌కు ఒక ఫైలు. ఇంకో కాపీ వారానికోసారి ఇంట్లో హార్డ్ డిస్క్‌లోకి.

మూడు నెలలకోసారి ఒక ఫైలును ఖాళీ సర్వరులో రిస్టోర్ చేసి చూస్తాను. యూజర్, డేటాబేస్, పేజీలను బయటికి అందించే అపాచీ ప్రోగ్రాము సెట్టింగ్స్ అన్నీ మళ్ళీ తయారవుతాయి. మొన్న బండలవాళ్ళది చేయబోతే, దొరికిన చివరి ఫైలు పందొమ్మిది రోజుల నాటిది. బెంగుళూరు మెషీన్‌లో డిస్కు నిండిపోయింది. తప్పు జరిగితేనే మెయిల్ పంపమని పెట్టాను, అది రోజూ పంపుతూనే ఉంది, స్పామ్‌లో పడుతోంది. పాత ఫైళ్ళు తీసి, నెల దాటినవి వాటంతట అవే పోయేలా పెట్టాను. మెయిల్ ఇప్పుడు బ్యాకప్ అయినా కాకపోయినా వస్తుంది, పొద్దున కాఫీ ముందే చూస్తాను. ఈ ఆదివారం ఆదోని వాళ్ళది తెరవాలి.